ఒంటికీ ఫస్ట్ పరేడ్ ఉండాలి: సైన్యంలో చేరాలనుకునే హైదరాబాద్ తమ్ముళ్లకు పన్నెండు వారాల మార్గదర్శి

పొద్దున అయిదింటికి ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ రోడ్డు మీద నిలబడితే మనుషులు కనబడకముందే బూట్ల చప్పుడు వినబడుతుంది. కానిస్టేబుల్ ఉద్యోగం కోసం పరిగెత్తేవాళ్లు, ఎస్సై కోసం పరిగెత్తేవాళ్లు, అగ్నివీర్ కోసం పరిగెత్తేవాళ్లు, అందరూ అక్కడే. సైన్యం కోసం వచ్చిన పిల్లలను నేను చూడగానే గుర్తుపడతాను. మొదటి వారమే రొప్పుతూ ప్రాణం పెట్టి పరిగెత్తేది వాళ్లే. మూడో వారంలో కాలు పట్టుకుని ఫుట్‌పాత్ మీద కూర్చునేదీ వాళ్లే. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

నేను సైన్యంలో మెకనైజ్డ్ ఇన్‌ఫాంట్రీలో పదిహేడేళ్లు బీఎంపీ నడిపాను. బీఎంపీ అంటే జవాన్లను మోసుకుపోయే ఫిరంగి బండి, చక్రాల చుట్టూ తిరిగే ఇనుప గొలుసు పట్టాల (ట్రాక్) మీద నడుస్తుంది. మాది శంకర్‌పల్లి దగ్గర ఒక చిన్న ఊరు. పక్కనే ఎద్దుమైలారం ఫ్యాక్టరీ. 1984లో మొదలైన ఆ ఫ్యాక్టరీని అందరూ మెదక్ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ అంటారు, 2021 నుంచి అది ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ కిందికి వచ్చింది. అక్కడ తయారైన బీఎంపీలు టార్పాలిన్ కప్పుకుని రైలు మీద పోతుంటే చూస్తూ పెరిగినవాణ్ని. పెద్దయ్యాక అదే బండి తాళం నా చేతికి వస్తుందని అప్పుడు అనుకోలేదు.

సైన్యంలో ఏ బండికైనా రోజుకు మూడు పరేడ్‌లు ఉంటాయి. స్టార్ట్ చేయకముందు ఫస్ట్ పరేడ్: ఆయిల్, కూలెంట్, బ్యాటరీ, ట్రాక్ బిగువు చూసి, బండి కింద నేల మీద లీకు మరక ఏదైనా ఉందేమో వంగి చూడాలి. దారిలో ఆగితే హాల్ట్ పరేడ్. తిరిగొచ్చాక లాస్ట్ పరేడ్: కడిగి, తుడిచి, డీజిల్ నింపి, చెడినదేదో రాసిపెట్టి, రేపటికి సిద్ధం చేసి నిలబెట్టాలి. యుద్ధం ఉన్నా లేకున్నా ఇది జరగాల్సిందే. పద్నాలుగు టన్నుల ఇనుముకే ఇంత చాకిరీ చేస్తాం కదా, మరి అరవై కిలోల ఒంటికి? మన పిల్లలు ఒంటిని అద్దె బండిలా తోలుతున్నారు. కింద చెప్పబోయేదంతా ఈ మూడు పరేడ్‌ల పద్ధతే.

మొదటి మెట్టు: లెక్క తెలుసుకో

అగ్నివీర్ ఎంపికలో ముందు ఆన్‌లైన్ రాత పరీక్ష, అందులో పాసైనవాళ్లకే ర్యాలీ, అంటే గ్రౌండులో పెట్టే ఒంటి పరీక్షలు. ర్యాలీలో మొదటిది 1.6 కిలోమీటర్ల పరుగు. 5 నిమిషాల 30 సెకన్లలోపు వస్తే మొదటి గ్రూపు, 60 మార్కులు. 5 నిమిషాల 45 సెకన్లలోపు వస్తే రెండో గ్రూపు, 48 మార్కులు. ఆ తర్వాత పుల్-అప్స్. పది తీస్తే 40 మార్కులు, తొమ్మిదికి 33, ఎనిమిదికి 27, ఏడుకు 21, ఆరుకు 16. తొమ్మిది అడుగుల గుంత దూకడం, జిగ్‌జాగ్ బ్యాలెన్స్ దూలం మీద నడవడం పాసైతే చాలు, వాటికి మార్కులు లేవు. మన దక్షిణాది రాష్ట్రాల వాళ్లకు జనరల్ డ్యూటీకి ఎత్తు 166 సెంటీమీటర్లు. ఛాతీ 77, ఊపిరి పీల్చినప్పుడు మరో 5 సెంటీమీటర్లు పెరగాలి.

మహిళా మిలిటరీ పోలీసుకు వెళ్లే చెల్లెళ్లకు అదే 1.6 కిలోమీటర్లు. ఏడున్నర నిమిషాల్లో వస్తే మొదటి గ్రూపు, ఎనిమిది నిమిషాల్లో వస్తే రెండో గ్రూపు. దానితో పాటు పది అడుగుల లాంగ్ జంప్, మూడు అడుగుల హై జంప్. శిక్షణ పద్ధతి మాత్రం ఇద్దరికీ ఒకటే.

ఇప్పుడు అసలు లెక్క. 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు రౌండ్లు 1,600 మీటర్లు. అయిదున్నర నిమిషాలంటే 330 సెకన్లు, అంటే రౌండుకు 82 సెకన్ల చిల్లర. ఈ 82 అనే అంకెను గోడ మీద రాసిపెట్టుకో. పన్నెండు వారాల్లో నువ్వు చేసేదంతా నాలుగు రౌండ్లూ 82 దగ్గర నిలబెట్టడానికే. ఒక్క రౌండు 70లో తీయగలగడం పెద్ద గొప్పేం కాదు, అది మన గల్లీలో చాలామందికి వచ్చు.

వయసు, చదువు, ఇతర నిబంధనలు ఏటేటా మారుతుంటాయి. జాయిన్ ఇండియన్ ఆర్మీ వెబ్‌సైట్‌లో ఆ ఏటి నోటిఫికేషన్‌ను నువ్వే మొత్తం చదువు. కోచింగ్ సెంటర్ వాడు చెప్పింది, దోస్తు వాట్సాప్‌లో పంపింది నమ్మి ఏడాది పోగొట్టుకున్న పిల్లలు నాకు తెలుసు. ఇంకో మాట: ఈ ఉద్యోగానికి ఎవరికీ లంచంగా ఒక్క రూపాయి ఇవ్వక్కర్లేదు. ఇప్పిస్తానన్నవాడు దొంగ.

రెండో మెట్టు: గ్రౌండుకు పోకముందు ఫస్ట్ పరేడ్

పరుగు గెలిచి, మెడికల్‌లో బయటికి వచ్చి గేటు దగ్గర ఏడ్చే పిల్లలను చూస్తే కడుపు తరుక్కుపోతుంది. అందులో సగం ముందే ఇంట్లో తెలుసుకోగలిగినవే.

పాదం తడిపి పొడి సిమెంటు గచ్చు మీద అడుగు వేసి తీయి. అచ్చులో లోపలి వైపు వంపు కనబడాలి. పాదమంతా పలకలా పడితే ఫ్లాట్ ఫుట్ అనుమానం. మోకాళ్లు రెండూ ఆనించి నిలబడు, మడమల మధ్య బాగా ఎడం ఉంటే నాక్ నీ అనుమానం. పిక్కల మీద నరాలు ఉబ్బి మెలికలు తిరిగాయేమో చూసుకో. చేతులు చాచితే మోచేయి దగ్గర మరీ బయటికి వంగుతోందా చూడు. చెవిలో గుబిలి ఉంటే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గర తీయించుకో, అగ్గిపుల్లతో తిప్పి పొర చింపుకోకు. పళ్లను లెక్కగట్టి డెంటల్ పాయింట్లు వేస్తారు, కనీసం 14 రావాలి, పుచ్చు పళ్లుంటే ఇప్పుడే బాగు చేయించుకో. రంగుల పుస్తకంతో కంటి పరీక్ష చేయించుకో. కొత్త టాటూ జోలికి పోకు.

అనుమానం ఉంటే ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరికి వెళ్లు. గాంధీ, ఉస్మానియా ఆసుపత్రుల్లో ఓపీ చీటీతో అయిపోతుంది. దాచిపెట్టి లాభం లేదు, అక్కడ మిలిటరీ డాక్టర్ బట్టలు విప్పించి చూస్తారు. ర్యాలీలో అన్‌ఫిట్ అని రాసినా గడువులోపు రివ్యూ మెడికల్ అడిగే హక్కు ఉంటుంది, అది మరిచిపోకు.

సైన్యంలో చేరాక కూడా ఈ పరీక్ష వదలదు. షేప్-1 అంటారు. మనసు, వినికిడి, కాళ్లూ చేతులూ, ఒంటి సత్తువ, కంటిచూపు, అయిదింటికీ విడివిడిగా గ్రేడు వేస్తారు. అయిదూ బాగుంటేనే షేప్-1. ఒక్కటి తగ్గినా ప్రమోషన్‌కూ కోర్సులకూ అడ్డు రావచ్చు.

మూడో మెట్టు: మొదటి నాలుగు వారాలు మెల్లగా

ఇక్కడే అందరూ చెడేది. వచ్చిన రోజే స్టాప్‌వాచ్ పట్టుకుని నాలుగు రౌండ్లు కొడతారు. గుండె, ఊపిరితిత్తులు రెండు మూడు వారాల్లో దారికి వస్తాయి. ఎముకలూ, కండరాన్ని ఎముకకు కట్టే నరాలూ అలా కావు, వాటికి రెండు మూడు నెలలు పడుతుంది. ఇంజన్ ఆగమాగం తయారై చాసిస్ ఇంకా సిద్ధం కాని బండిలా ఉంటావు అప్పుడు.

వారానికి నాలుగు రోజులు పరుగు, రెండు రోజులు బలం పెంచే కసరత్తు, ఒక రోజు పూర్తి విశ్రాంతి. మొదటి వారం మూడు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక, అలా ఇరవై నిమిషాలు. వారం వారం అయిదేసి నిమిషాలు పెంచుతూ, నడక తగ్గిస్తూ, నాలుగో వారానికి ముప్పై అయిదు నిమిషాలు ఆగకుండా పరిగెత్తగలగాలి. వేగం ఎంత అంటే, పక్కవాడితో ఒక పూర్తి వాక్యం మాట్లాడగలిగేంత. మాట తెగుతోందంటే నువ్వు తొందరపడుతున్నావు.

సిమెంటు రోడ్డు మీద రోజూ వద్దు. మట్టి గ్రౌండు చూసుకో. యూనివర్సిటీలో, సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్ చుట్టుపక్కల, మీ పేటలో స్కూలు మైదానం, ఏదైనా సరే. కొలతకు ఫోన్ యాప్‌ను నమ్ముకోకు, చెట్ల కింద అది ఇష్టం వచ్చినట్టు చూపిస్తుంది. హార్డ్‌వేర్ షాపులో దొరికే పొడవాటి టేపుతో ఒకసారి 400 మీటర్లు కొలిచి గుర్తులు పెట్టుకుంటే చాలు. నెలకు రెండుసార్లయినా గచ్చిబౌలి స్టేడియం లాంటి చోట అసలు ట్రాక్ మీద పరిగెత్తి చూడు.

బూట్లు ఖరీదైనవి అక్కర్లేదు. వేళ్ల ముందు బొటనవేలంత ఖాళీ ఉండాలి, మడమ కదలకూడదు. అడుగు అరిగిపోయిన బూట్లతో నెలల తరబడి లాగడమే చాలా నొప్పులకు మూలం.

నాలుగో మెట్టు: హాల్ట్ పరేడ్, చేతి వెనక వైపుతో

రాజస్థాన్‌లో మహాజన్ రేంజ్‌కు పోతున్నప్పుడు కాన్వాయ్ ఆగితే, అందరూ నీళ్లు తాగడానికి దిగేవాళ్లు, డ్రైవర్లం మాత్రం ముందు చక్రాల దగ్గరికి వెళ్లేవాళ్లం. బీఎంపీకి ఒక్కో వైపు ఆరు రోడ్ వీల్స్. ఒక్కో చక్రం నడిమధ్య హబ్ మీద అరచేయి కాకుండా చేతి వెనక వైపు ఆనించి చూడాలి. అన్నీ గోరువెచ్చగా ఉండి ఒక్కటే చురుక్కుమంటే లోపల బేరింగ్ పాడవుతోందని అర్థం. అప్పుడే చూస్తే గ్రీజుతోనో, చిన్న మరమ్మతుతోనో పోతుంది. చూడకపోతే చక్రమే ఊడి ఇసుకలో పడుతుంది, నీ వెనక పది బండ్లు ఆగిపోతాయి.

కాలికీ అదే పద్ధతి. పరుగు అయ్యాక కూర్చుని, మోకాలి కింద ముందు ఎముక లోపలి అంచు వెంట బొటనవేలితో పై నుంచి చీలమండ దాకా మెల్లగా నొక్కుతూ రా. రెండు కాళ్లూ పోల్చు. బెత్తెడు పొడవునా పచ్చిగా నొప్పి ఉంటే షిన్ స్ప్లింట్స్ మొదలైనట్టు. మూడు నాలుగు రోజులు పరుగు ఆపి, నడక, సైకిల్ మీద ఉండు, ఐసు పెట్టు, పిక్కలు సాగదీయి. అదే నొప్పి ఒక రూపాయి బిళ్లంత చోట మాత్రమే, వేలు పెడితే ఒళ్లు ఎగిరిపడేలా ఉంటే, లేదా ఒంటికాలి మీద గెంతితే భరించలేకపోతే, అది ఎముక చిట్లడం కావచ్చు. ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

మొన్న వేసవిలో నల్గొండ వైపు నుంచి వచ్చి తార్నాకలో హాస్టల్లో ఉండే ఒక పిల్లాడు, “ఏం కాదన్నా, మాత్ర వేసుకుని ఉరుకుతా” అన్నాడు. కూర్చోబెట్టి వేలితో నొక్కాను. ఒక చోటికి రాగానే వాడి చేయి నా మణికట్టు పట్టేసింది. ఎక్స్‌రే, స్కాన్ అయ్యాక స్ట్రెస్ ఫ్రాక్చర్ అని తేలింది. ఆరు వారాలు పరుగు బంద్. వాడికి ఎంత కోపం వచ్చిందో నాకు తెలుసు. కానీ ఆరు వారాల తర్వాత వాడు మళ్లీ మొదటి వారం నుంచి మొదలుపెట్టాడు, ఈసారి రోజూ వాడే కాళ్లు నొక్కి చూసుకున్నాడు. నొప్పి మాత్ర మింగి పరిగెత్తడమంటే డ్యాష్‌బోర్డ్ మీద ఎర్ర లైటుకు టేపు అంటించి బండి తోలడమే. ఇక ఇంజెక్షన్లు, స్టెరాయిడ్ల ఊసే వద్దు. దొరికితే ర్యాలీ నుంచి బయటికి పంపుతారు, దొరక్కపోయినా కిడ్నీలు నీవే కదా.

అయిదో మెట్టు: 82 సెకన్ల పని

అయిదో వారం నుంచి ఎనిమిదో వారం దాకా మంగళవారం మంగళవారం 400 మీటర్లు ఆరుసార్లు. ప్రతి రౌండుకూ మధ్య రెండు నిమిషాలు నడక. అయిదో వారం 88 సెకన్లు, ఆరో వారం 86, ఏడో వారం 84, ఎనిమిదో వారం 82. ఆరో రౌండు కూడా మొదటి రౌండు సమయానికే రావాలి, అదే పరీక్ష. మొదటి రౌండు 76లో కొట్టి చివరిది 95లో తీస్తే ఆ రోజు పని చెడినట్టే. గురువారం 200 మీటర్లు ఎనిమిదిసార్లు, చక్కటి ఒడుపుతో, భుజాలు వదులుగా. శనివారం నలభై అయిదు నిమిషాల తేలిక పరుగు.

తొమ్మిది నుంచి పదకొండో వారం వరకు మంగళవారం 800 మీటర్లు మూడుసార్లు, ఒక్కోటి 2 నిమిషాల 45 సెకన్లు, మధ్యలో నాలుగు నిమిషాల విశ్రాంతి. శుక్రవారం ఒకసారి 1,200 మీటర్లు అదే వేగంతో పరిగెత్తి, మూడు నిమిషాలు ఆగి, 400 గట్టిగా. పూర్తి 1,600 మాత్రం నాలుగు, ఎనిమిది, పదకొండు వారాల చివర మూడే మూడుసార్లు టైము పెట్టి పరిగెత్తు. రోజూ పరీక్ష రాసుకుంటే చదువు ఎప్పుడు?

మూడో రౌండు గురించి ఒక మాట చెప్పాలి. మొదటి రౌండు ఉత్సాహం, రెండోది ఊపు, నాలుగోదానికి ఎలాగూ అయిపోతోందన్న ధైర్యం ఉంటుంది. మూడోదానికి ఏ తోడూ ఉండదు. కాళ్లు బరువెక్కుతాయి, మనసు సాకులు చెబుతుంది. అప్పుడు చేతులు చూసుకో. పిడికిలి బిగిస్తే వదులు చెయ్, మోచేతులు వెనక్కి లాగు. చేతులు ఆడితే కాళ్లు వాటంతటవే వెంట వస్తాయి. నేను పిల్లలకు ఇచ్చే లెక్క 80, 82, 84, 80. మొత్తం 5 నిమిషాల 26 సెకన్లు.

ఆరో మెట్టు: పుల్-అప్స్

ఒక్కటీ రానివాడు సిగ్గుపడి గ్రౌండు మానేయొద్దు. ముందు వేలాడటం నేర్చుకో: ఇరవై సెకన్లు అయిదుసార్లు, రెండు వారాల్లో నలభై సెకన్లకు పెంచు. తర్వాత స్టూలు ఎక్కి గడ్డం బార్ పైన పెట్టి, అయిదు సెకన్లు లెక్కపెడుతూ కిందికి దిగు. ఇలా నాలుగేసి చొప్పున నాలుగు విడతలు. మూడో వారానికి చాలామందికి మొదటిది వచ్చేస్తుంది. ఆ తర్వాత రహస్యం ఒకటే: నీకు ఎన్ని వస్తాయో అందులో సగమే, రోజుకు నాలుగైదుసార్లు. ఆరు వస్తే మూడేసి తీయి. చేతులు వణికేదాకా లాగడం వారానికి ఒక్కసారి చాలు.

ప్రతిసారీ చేతులు పూర్తిగా చాచి, గడ్డం బార్ దాటించాలి. కాళ్లు ఊపితే లెక్కలోకి తీసుకోరు. ఒకే బార్‌కు అలవాటు పడకు. సన్నటి పైపు, లావుపాటి పైపు, వేప కొమ్మ, అన్నింటి మీదా తీయి. పన్నెండు వచ్చేదాకా ఆగకు. ప్రాక్టీసులో పన్నెండు ఉంటేనే, పరుగు అయిన వెంటనే ఆయాసంలో పది వస్తాయి. అందుకే తొమ్మిదో వారం నుంచి 800 పరిగెత్తి నేరుగా బార్ పట్టుకునే అలవాటు చెయ్.

గుంత, దూలం సంగతి తొందరగా చెప్పేస్తాను. నేల మీద సున్నంతో తొమ్మిది అడుగుల గీతలు గీసి, పదిన్నర దూకడం అలవాటు చేసుకో. దూలానికి రోడ్డు పక్క సన్నటి దిమ్మె చాలు. కిందికి చూడకుండా నాలుగు అడుగుల ముందుకు చూస్తూ నడువు.

ఏడో మెట్టు: బండి అడిగే బలం

ర్యాలీ పుస్తకాల్లో ఇది ఉండదు. నాకు మాత్రం ఇదే ముఖ్యం.

బీఎంపీ-2 లోపల ఎలా ఉంటుందో చెబుతాను. ముందు ఎడమ వైపు డ్రైవర్. కుడి పక్కనే మూడు వందల హార్స్‌పవర్ ఇంజన్, మధ్యలో ఒక రేకు గోడ. స్టీరింగ్ గుండ్రంగా ఉండదు, స్కూటర్ హ్యాండిల్ లాంటిది. మూత వేసుకున్నాక లోకమంతా పెరిస్కోపు అద్దాల్లోనే. నా వెనక ఒక జవాను. మధ్యలో టరెట్, అందులో కమాండర్, 30 ఎంఎం ఫిరంగి పేల్చే గన్నర్. వెనక అరలో రెండు తలుపుల దాకా ఆరుగురు, మూడేసి మంది అటూ ఇటూ, వీపు వీపు ఆనించి కూర్చుంటారు. తల పైకెత్తితే ఇనుము తగులుతుంది. మే నెలలో ఇసుకలో బండి గంటన్నర నడిచాక తలుపు తెరుచుకుంటుంది. ఆ క్షణంలో ఒంగి ఉన్న నడుము నిటారుగా చేసి, రైఫిల్, సామానుతో బయటికి దూకి, వెంటనే పరిగెత్తాలి. మొదటిసారి దిగినవాళ్లకు కాళ్లు తిమ్మిరెక్కి మోకాళ్ల మీద పడిపోతారు.

ఆ తలుపు దాటడానికి కావలసింది పరుగు ఒక్కటే కాదు. తుంటి కీళ్లు తెరుచుకోవాలి, నడుం గట్టిగా ఉండాలి, చేతి పట్టు ఉండాలి. టరెట్ మీదికి ఎక్కడమన్నా, మూత నుంచి పైకి రావడమన్నా నీ ఒంటిని నువ్వే చేతులతో లేపుకోవాలి. పుల్-అప్స్‌కు అన్ని మార్కులు ఊరికే పెట్టలేదు. ట్రాక్ తెగితే ఎండలో కూర్చుని గొలుసు లింకులు మోసి, సుత్తితో పిన్ను దించి, మళ్లీ కలపాలి. సిబ్బంది మొత్తం ఆ పని చేస్తారు, అందులో ఎవరికీ మినహాయింపు లేదు.

దీనికి జిమ్ అక్కర్లేదు. వారానికి రెండు రోజులు ఇలా చెయ్: ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు చెరో చేత్తో పట్టుకుని నలభై అడుగులు, ఆరుసార్లు. మలాసనంలో, అంటే మడమలు నేలకు ఆనించి గొంతు కూర్చుని, రెండు నిమిషాలు, రోజుకు మూడుసార్లు. మన తాతలు అలాగే కూర్చునేవాళ్లు, మనం కుర్చీలకు అలవాటుపడి ఆ కీలు పోగొట్టుకున్నాం. ఆ కూర్చున్న భంగిమ నుంచి ఒక్కసారిగా లేచి ఇరవై మీటర్లు ఉరుకు, ఎనిమిదిసార్లు. దండీలు, బస్కీలు, మోచేతుల మీద ప్లాంక్. ఆదివారం ఒక్కోసారి ఎనిమిది కిలోల బ్యాగు వేసుకుని మౌలాలి గుట్ట ఎక్కి దిగు. నడవాలి, బరువుతో పరిగెత్తొద్దు. రెజిమెంటు చేరాక ఆయుధం, సామానుతో ఎలాగూ పరిగెత్తిస్తారు, దానికి అక్కడి ఉస్తాద్‌లు తయారు చేస్తారు.

చెవుల సంగతి మర్చిపోవద్దు. కమాండర్ బయట అరిచేది వినబడాలని నేను హెడ్‌గేర్ కుడి వైపు కొంచెం పైకెత్తి నడిపేవాణ్ని. ఇంజన్ కుడి వైపే ఉంటుందని పైన చెప్పాను కదా. పదో ఏడాది మెడికల్‌లో నా వినికిడి గ్రేడు తగ్గింది. నాకు బాగా మనసున్న కోర్సు అలా పోయింది. ఇప్పటికీ రాత్రి ఇల్లంతా సద్దుమణిగాక ఆ చెవిలో సన్నటి ఈల మోగుతూనే ఉంటుంది. నువ్వు ఇప్పటి నుంచే ఇయర్‌ఫోన్స్ సౌండ్ తగ్గించు. పెళ్లి బరాత్‌లో డీజే బాక్సు ముందు నిలబడకు.

ఎనిమిదో మెట్టు: తిండి, నీళ్లు, నిద్ర

హాస్టల్లో ఉండే పిల్లలకు ప్రొటీన్ పౌడర్ డబ్బా కొనే స్తోమత ఉండదు, అవసరమూ లేదు. రాత్రి నానబెట్టిన శనగలో పెసలో గుప్పెడు, రెండు మూడు ఉడికించిన గుడ్లు, పల్లీలు, పప్పు, పెరుగు, వారానికి రెండుసార్లు చికెన్. పొద్దున పరుగుకు అరగంట ముందు ఒక అరటిపండు చాలు. వచ్చాక రాగి జావ, గుడ్లు. రాత్రి జొన్న రొట్టె అరుగుతుంది, నిద్ర బాగా పడుతుంది. రోజూ బిర్యానీ, రాత్రి పదకొండింటికి మిర్చీ బజ్జీ మాత్రం ఈ మూడు నెలలు పక్కన పెట్టు. గుట్కా, సిగరెట్ గురించి చెప్పక్కర్లేదు అనుకుంటాను.

ఏప్రిల్, మేలో హైదరాబాద్‌లో నలభై డిగ్రీలు దాటుతుంది. పొద్దున ఆరున్నరకల్లా పరుగు ముగించు. మూత్రం రంగు చూసుకో, లేత పసుపు ఉంటే సరే, ముదురు తేనె రంగులో ఉంటే నీళ్లు చాలలేదు. చెమట బాగా పోయిన రోజు ఓఆర్‌ఎస్ లేదా ఉప్పు వేసిన మజ్జిగ. పరిగెత్తేవాడు తడబడి నడుస్తూ, మాట తికమకగా వస్తుంటే అది వడదెబ్బ: నీడకు లాగి, బట్టలు వదులు చేసి, ఒంటి నిండా నీళ్లు పోసి గాలి విసురుతూ 108కు ఫోన్ చేయాలి. స్పృహ లేనివాడి నోట్లో నీళ్లు పోయకూడదు.

నిద్ర ఏడున్నర గంటలు. బండికి లాస్ట్ పరేడ్ ఎలాగో ఒంటికి నిద్ర అలాగ, బాగుచేసే పని అంతా అప్పుడే జరుగుతుంది. తొమ్మిదిన్నరకు ఫోన్ పక్క గదిలో పెట్టు. పడుకునే ముందు ఒక నోటుబుక్కులో మూడు లైన్లు రాయి: ఎంత పరిగెత్తాను, ఎక్కడ నొప్పి, రాత్రి ఎంతసేపు నిద్ర. ప్రతి బండికీ ఒక లాగ్‌బుక్ ఉంటుంది, నీకూ ఉండాలి.

సైన్యంలో రోజు కూడా ఇలాగే గడుస్తుంది. చీకటితో లేవడం, పీటీ, తర్వాత ట్రైనింగ్, సాయంత్రం ఆటలు, రాత్రి రోల్‌కాల్. లంగర్‌లో, అంటే అక్కడి వంటశాలలో, తిండికి లోటు ఉండదు. అన్నం తక్కువ, రొట్టెలు ఎక్కువ. మన పిల్లలకు మొదటి నెల కష్టం అదే, ఇంకా హిందీ. ఇప్పటి నుంచే రెండూ అలవాటు చేసుకుంటే సగం టెన్షన్ పోతుంది. అగ్నివీర్‌గా నాలుగేళ్లు, మొదటి ఏడాది నెలకు 30,000, నాలుగో ఏడాదికి 40,000. అందులో ముప్పై శాతం చివర్లో ఒకేసారి చేతికిచ్చే సేవా నిధికి పోతుంది, కాబట్టి మొదటి ఏడాది చేతికి వచ్చేది 21,000. ఏడాదికి 30 రోజుల సెలవు. నాలుగేళ్ల తర్వాత పాతిక శాతం వరకే రెగ్యులర్‌గా తీసుకుంటారు. ఇంట్లో అమ్మానాన్నలకు ఈ లెక్క ముందే విప్పి చెప్పు, తర్వాత మాట పడొద్దు.

చివరి వారం, ర్యాలీ పొద్దున

పన్నెండో వారం కొత్తగా బలం రాదు, అలుపు తీరడం మాత్రమే జరుగుతుంది. సోమవారం 400 మీటర్లు మూడుసార్లు 82తో, బుధవారం ఇరవై నిమిషాలు తేలికగా, ఆ తర్వాత నడక. పుల్-అప్స్ మూడేసి చొప్పున రెండుసార్లు, అంతే. సర్టిఫికెట్లు, వాటి జిరాక్సులు, ఫొటోలు, అడ్మిట్ కార్డు, ఎన్సీసీ ఉంటే ఆ సర్టిఫికెట్, అన్నీ మూడు రోజుల ముందే ఒక కవర్లో పెట్టు. ఎన్సీసీకి బోనస్ మార్కులు ఉంటాయి.

నా మొదటి ర్యాలీకి నేను రాత్రంతా బస్సులో నిలబడి వెళ్లి, గేటు బయట పూరీలు కడుపునిండా తిని పరిగెత్తాను. రెండో రౌండు చివర గడ్డిలో వాంతి చేసుకున్నాను. వెనక నుంచి వచ్చినవాళ్లు నా చేయి తొక్కుకుంటూ పోయారు. తర్వాతి ర్యాలీ కోసం ఏడాది ఆగాల్సి వచ్చింది. అందుకే ముందు రోజే చేరుకో, చుట్టాల ఇంట్లో పడుకో. పొద్దున నీకు అలవాటైన అరటిపండు, రెండు మూడు గుక్కల నీళ్లు తప్ప కొత్తది ఏదీ తినకు. ప్రాక్టీసు చేయకుండా ఉత్త కాళ్లతో పరిగెత్తకు.

పరుగులో పెద్ద గుంపును ఒకేసారి వదులుతారు. మోచేతులు తగులుతాయి, కాళ్లు తట్టుకుంటాయి. మొదటి వంద మీటర్లు పడకుండా చూసుకోవడమే పని, లోపలి అంచు కోసం కొట్లాడకు, రెండో వరుసలో ఉండు. నిన్ను దాటి పోయేవాళ్లను పోనీ. రెండో రౌండు మొదలయ్యేసరికి వాళ్లలో చాలామంది మళ్లీ నీ పక్కకే వస్తారు. గీత దాటాక కూలబడకు, చేతులు నడుం మీద పెట్టుకుని నడుస్తూనే ఉండు, ముక్కుతో పీల్చి నోటితో వదులు. గ్రూపు స్టాంపు వేసే వరుసలో నిలబడి అరచేతులు చొక్కాకు తుడుచుకో, తడి ఉంటే పొడి మట్టితో రుద్దుకో. బార్ కిందికి పిలిచినప్పుడు ఒక్క దీర్ఘశ్వాస తీసుకుని, బొటనవేలు చుట్టూ తిప్పి గట్టిగా పట్టుకో, వేలాడు, ఒంటి ఊపు ఆగాక లేపు.